ఆగిన బండికి కూలి లేదా?

హాస్టల్లో చేరేటప్పుడు మనం నింపే దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. చాలామందిమి అందులో 'కూలి' అని రాస్తాం. నేను 'డ్రైవరు' అని రాశాను. పక్కనున్న మిత్రుడు చూసి "మీకేంట్రా, మీ నాన్నకు నెల జీతం" అన్నాడు. ఆ రోజు నాకూ గొప్పగానే అనిపించింది. ఎం.ఏ.లో కార్మికుల వేతనాల గురించి చదువుకుంటున్నప్పుడు గానీ అసలు సంగతి అర్థం కాలేదు. మా నాన్న కూడా కూలీయే. కాకపోతే చేను పనికి పోయిన కూలికి పొద్దుగూకితే సెలవు. లారీ కూలికి అదీ లేదు.

మా నాన్న చీమకుర్తి గ్రానైటు రాళ్ళు మోసే ట్రెయిలరు తోలుతాడు. ఆ రాయి గురించి ప్రకాశం జిల్లా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలుంటాయి. బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో విదేశాలకు పోతుంది. క్వారీలో కోసిన దిమ్మెలను పక్క గోడలు లేని చదునైన ట్రెయిలరు మీద పెట్టి, గొలుసులతో బిగించి, జరగకుండా అడుగున చెక్కలు దిగ్గొడతారు. ఒక్కొక్క దిమ్మె టన్నుల బరువు. గట్టిగా బ్రేకు వేస్తే రాయి జరిగి క్యాబిన్ మీదికి వస్తుందని భయం. వేయకపోతే ముందు పోయే స్కూటరు వాడి ప్రాణానికి భయం. రాత్రంతా ఈ రెండు భయాల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద నడుపుతాడు.

ఇంత పనికి జీతం ఎలా లెక్కగడతారో మనలో చాలామందికి తెలియదు. నెల జీతం అని చెప్పుకునేది కొద్ది మొత్తం. అసలు ఆదాయం ట్రిప్పుకు ఇచ్చే బత్తా. కొన్నిచోట్ల జీతమే ఉండదు, కిరాయిలో ఇంత అని వాటా ఇస్తారు. దారిలో తిండి ఆ బత్తాలోదే. దారి మామూళ్ళు కూడా చాలాసార్లు అందులోంచే పోతాయి. డీజిలు మైలేజీ లెక్క తప్పినా, సరుకు తగ్గినా కోత డ్రైవరుకే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ట్రిప్పుకు బత్తా 2,000 రూపాయలు అనుకుందాం. ట్రిప్పు రెండు రోజుల్లో పూర్తయితే రోజుకు 1,000 పడుతుంది. అదే ట్రిప్పు లోడింగు దగ్గర ఒక రోజు, అన్‌లోడింగు గేటు బయట రెండు రోజులు ఆగి, ఐదు రోజులు పడితే రోజుకు 400. ఆ మూడు రోజుల తిండి ఖర్చు తీసేస్తే చేతికి మిగిలేది ఇంకా తక్కువ. దూరం మారలేదు, రాయి బరువు మారలేదు, డ్రైవరు తప్పు ఏమీ లేదు. క్రేను ఖాళీ లేదు, కాగితాలు రాలేదు, మేనేజరు భోజనానికి పోయాడు. వాళ్ళందరి ఆలస్యానికి వెల కడుతున్నది మాత్రం డ్రైవరు.

పోయిన సంక్రాంతికి మా నాన్న ఇంటికి రాలేదు. ఒక యార్డు గేటు బయట మూడు రోజులు వరుసలో ఉన్నాడు. బండి వదిలి వస్తే వరుస పోతుంది, బ్యాటరీలో డీజిలో ఎవడో ఒకడు తీసుకుపోతాడు. కాబట్టి ఆ మూడు రోజులూ బండికి కాపలా కాశాడు. కాపలా పని కాదా? అదే పనికి వాచ్‌మన్‌ని పెట్టుకుంటే జీతం ఇస్తారు కదా!

చట్టం లేదా అంటే ఉంది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదని, దూర ప్రయాణాల్లో అయినా రోజుకు 10, వారానికి 54 గంటలు దాటరాదని, వారానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలని అందులో రాశారు. కానీ అది ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే వర్తించింది. మన దేశంలో లారీలు ఎక్కువగా కొద్ది బండ్లున్న చిన్న యజమానుల చేతుల్లో ఉన్నాయి. అంటే చట్టం పుట్టిన రోజే ఎక్కువమంది డ్రైవర్లు దాని బయట ఉండిపోయారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాన్ని వాటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు. అక్కడ ఐదు కాస్తా పది అయింది. గీత మరింత పైకి జరిగింది, మనవాళ్ళు మరింత కిందికి పోయారు.

ఇంకొక మాట కూడా చట్టంలో ఉంది. రోజు కూలీకి వచ్చినవాడికి యజమాని పూర్తి రోజు పని చూపించలేకపోతే, ఆ తప్పు కూలీది కాదు కాబట్టి పూర్తి రోజు వేతనం ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. లోడు కోసం ఎదురుచూసే డ్రైవరు పనికి సిద్ధంగా ఉన్నవాడే. పని చూపించనిది అవతలివాళ్ళు. ఈ న్యాయం లారీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మాయమైపోతుంది? కూలిని రోజుల్లో కాక ట్రిప్పుల్లో కొలవడం వల్ల. ఈ రంగంలో అసలు కిటుకు అదే.

'డ్రైవరుగా ఉంటే ఇంతే, సొంత బండి కొనుక్కుంటే బాగుపడతాం' అనుకునేవాళ్ళు మనలో చాలామంది. మా మేనమామ అలాగే అనుకుని ఫైనాన్సులో పాత లారీ కొన్నాడు. ఇప్పుడు ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. కిస్తీ నెల తిరిగేసరికి కట్టాలి. ఇన్సూరెన్సు, టాక్సు, ఫిట్‌నెస్, టోలు, టైర్లు దేనికీ వాయిదా లేదు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద నియంత్రణ ఎత్తేశారు. 2017 జూన్ నుంచి ధర రోజువారీగా మార్చే పద్ధతి వచ్చింది. ఖర్చులన్నీ ఇంకొకరు నిర్ణయిస్తారు. కిరాయి మాత్రం బ్రోకరు ఆఫీసులో బేరం. ఆయన కాదంటే ఆ లోడు ఎత్తుకోవడానికి వెనక పది బండ్లుంటాయి. అడ్వాన్సు పోను మిగిలిన కిరాయి సరుకు దించిన రసీదు చేరాక ఎప్పుడో వస్తుంది. ఒకసారి ఆదాయ ధ్రువపత్రానికి ఒక ఆఫీసుకు వెళితే "లారీ ఓనరువి, నువ్వు పేదవాడివేంటయ్యా" అన్నారట. ఆ లారీ ఇంకా ఫైనాన్సు వాళ్ళదేనని ఎవరికి చెప్పుకోవాలి?

2018 జులైలో కేంద్రం లారీల యాక్సిల్ బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నులున్నది 11.5 టన్నులైంది. ఎక్కువ మోస్తే ఎక్కువ ఆదాయం కదా అనిపిస్తుంది. కానీ సరుకు అంతే ఉండి, మోసే శక్తి మాత్రం అన్ని బండ్లకూ ఒకేసారి పెరిగితే బేరం ఎవరివైపు మొగ్గుతుందో అర్థశాస్త్రం చదవనివాడు కూడా చెప్పగలడు. సంక్షేమ పథకాల్లోనూ లారీవాడు కనిపించడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన వాహనమిత్ర, 2025 అక్టోబరులో మొదలైన 'ఆటో డ్రైవర్ సేవలో' పథకం ఆటోలు, టాక్సీలు, మ్యాక్సీ క్యాబ్‌ల వాళ్ళకే. వాళ్ళకు ఇవ్వడం మంచిదే. లారీవాళ్ళు ఏం పాపం చేశారన్నదే ప్రశ్న.

డ్రైవర్లకు, యజమానులకు ఎక్కువ ఇస్తే సరుకుల ధరలు పెరుగుతాయని కొందరు మిత్రులు వాదిస్తారు. ఈ వాదనను తేలిగ్గా తీసేయలేం. కిరాయి పెరిగితే బియ్యం బస్తా మీద ఎంతో కొంత పడుతుంది. అయితే నేను అడుగుతున్నది ఆగిన సమయానికి కూలి. బండిని ఆపినవాడే ఆగినందుకు డబ్బు కట్టాలంటే, వాడు క్రేనును త్వరగా తెప్పిస్తాడు, కాగితాలు ముందే సిద్ధం చేస్తాడు. అప్పుడు అదే బండి నెలకు ఇంకో రెండు ట్రిప్పులు వేస్తుంది. ఇందులో దేశానికి నష్టమేముంది? ఈ రోజు ఆపినవాడికి ఖర్చు లేదు కాబట్టే బండ్లు ఆగుతున్నాయి.

2024 జనవరి మొదట్లో, ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ళ వరకు జైలు అన్న కొత్త చట్టంలోని సెక్షనుకు నిరసనగా డ్రైవర్లు బండ్లు ఆపేశారు. రెండు రోజుల్లోనే హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు కట్టాం. కేంద్రం చర్చలకు పిలిచి, ఆ సెక్షను అమలును వాయిదా వేసింది. డ్రైవరు బండి ఆపితే అందరికీ నష్టమని ఆ రోజు అందరికీ తెలిసింది. మరి అందరూ కలిసి డ్రైవరు బండిని ఆపినప్పుడు ఆయన నష్టం ఎవరికీ ఎందుకు తెలియడం లేదు?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. లోడింగుకైనా అన్‌లోడింగుకైనా కొన్ని గంటలు గడువు పెట్టి, అది దాటితే గంటకు ఇంత అని హాల్టింగు కట్టాలి. అందులో డ్రైవరు వాటా ఎంతో ముందే రాయాలి. పని గంటల నియమం ఒక్క బండి ఉన్న యజమాని దగ్గర పనిచేసే డ్రైవరుకూ వర్తించాలి. గేట్ల దగ్గర నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ మా నాన్న తోలే పాత బండికి అది రాదు, మే నెల ఎండ మాత్రం వస్తుంది.

మిత్రులారా, ప్రభుత్వం చేసేదాకా మనం చేయగలిగింది కూడా ఉంది. లారీ ఉన్న తండ్రులను, మామలను ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేయిద్దాం. ఆధార్, పాన్ కావాలి, రుసుము లేదు. అలా నమోదైన సంస్థకు సేవ అందుకున్నవాడు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని, లేకపోతే వడ్డీ కట్టాలని 2006 నాటి చిన్న సంస్థల చట్టం చెబుతోంది. బ్రోకరు ఆఫీసులో ఆ చట్టం పేరు ఎత్తే మనిషి ఒక్కడుండాలి. ఆ మనిషి మన ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాడే కావాలి. మన హాస్టల్లో చదివి కార్మిక శాఖలో, రవాణా శాఖలో, బ్యాంకుల్లో ఉన్న అన్నలు, అక్కలు ఈ విషయంలో దారి చూపాలని కోరుతున్నాను.

నేను ఒక చిన్న పని మొదలుపెట్టాను. నాన్న ఫోను చేసినప్పుడల్లా గేటు దగ్గరికి ఎప్పుడు చేరాడో, లోపలికి ఎప్పుడు వదిలారో అడిగి ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. మొదట్లో "ఇవన్నీ ఎందుకురా, ఎవరిస్తారు" అని నవ్వాడు. ఇప్పుడు నేను అడగకముందే టైము చెబుతున్నాడు. ఎవరిస్తారో ఇంకా తెలియదు. ఎంత రావాలో మాత్రం ఇప్పుడు మా దగ్గర లెక్క ఉంది.

— ఎం.ఏ. (అర్థశాస్త్రం) విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి