నజరియా ఎక్కడ మారుతుంది?

అమెరికాలో గాలప్ సంస్థ 1996లో జనాన్ని ఒక సవాల్ అడిగింది. ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరు ఆడవాళ్లు గానీ చేసుకునే షాదీని ఖానూన్ ఒప్పుకోవాలా అని. ఒప్పుకోవాలన్నవాళ్లు నూటికి 27 మంది. 2022కు వచ్చేసరికి 71 మంది. ఒక ముల్క్ నజరియా ఇంత తొందరగా తిరగబడడం అరుదు. మనవాళ్లు దీన్ని రెండు మాటల్లో తేల్చేస్తారు: ఒకటి ఖయామత్ నిషానీ, రెండోది మీడియా మాయ. మీడియాకు అంత తాఖత్ ఉంటే ముందు మా జీతాలు పెంచుకునేవాళ్లం.

రాబ్ పోర్ట్‌మన్ అనే రిపబ్లికన్ నేత ఉన్నాడు. 1996లో ఈ షాదీలకు ఖిలాఫ్‌గా వచ్చిన ఖానూన్‌కు వోటేసినవాడు. 2011లో కాలేజీలో చదివే కొడుకు తన సంగతి తల్లిదండ్రులకు చెప్పాడు. పోర్ట్‌మన్ రెండేళ్లు సోంచాయించి, 2013లో సెనేటర్‌గా ఉండగానే తన అభిప్రాయం మారిందని బాహాటంగా చెప్పాడు. కొత్త దలీల్ ఏదీ దొరకలేదు ఆయనకు. 'అట్లాంటివాళ్లు' అనే మాటలో సొంత బేటా వచ్చి చేరాడు, అంతే.

అక్కడి ముస్లింల సంగతి ఇంకా దిల్‌చస్ప్. ఇట్లాంటివాళ్లను సమాజం కబూల్ చేయాలా అని ప్యూ సంస్థ అడిగితే 2007లో ఔనన్న ముస్లింలు 27 శాతం, 2011లో 39, 2017లో 52. మసీదులో నిఖా చదివించాలా అని ఎవరూ అడగలేదు, అది గమనించాలి. మజ్‌హబీ హుకుం ఒక చోట, పడోసీ హఖ్ ఇంకో చోట పెట్టి చూడడం వాళ్లకు అలవాటైంది. తామే శక్ కింద బతికే అఖలియత్ కాబట్టి తొందరగా అలవాటైందని నా అందాజా.

అట్లని నజరియా ఒకే దిక్కు నడవదు. రిపబ్లికన్లలో 2022లో 55 శాతం ఉన్న మద్దతు 2025లో 41కి పడిపోయింది.

మన సుప్రీంకోర్టు ముఖద్దమాలో మొదటి పేర్లు హైదరాబాద్ జంటవే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. వాళ్లు అడిగింది 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్ట్రేషన్. జమీయత్ ఉలమా-ఎ-హింద్ వద్దంది. 2023 అక్టోబర్ 17న జడ్జీలు, ఇది పార్లమెంటు తేల్చాల్సిన సంగతి అన్నారు. ఉలమా తమ మాట చెప్పుకోవచ్చు, నిఖా హుకుం మార్చమని నేనూ అనను. కానీ ఆ యాక్ట్ షరియత్ కాదు కదా!

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఈ మనుషులకు గాలీ తప్ప వేరే లఫ్జ్ లేదు. తర్వాత తెలుగు డెస్క్ మీద 'స్వలింగ సంపర్కులు' దొరికింది. అది గాలీ కాదు గానీ, మనిషిని ఒక్క పనికి కుదించేసే మాట. కొడుకు అమ్మీ పక్కన కూర్చుని చెప్పుకోగలిగిన మాట రెండు జబాన్లలోనూ మన ఇళ్లకు ఇంకా రాలేదు.

నా అసలు ఫికర్ కోర్టు గురించి కాదు. కొడుకు మీద అనుమానం వస్తే మన బుజుర్గులు చెప్పే ఇలాజ్ ఒకటే: "షాదీ కర్ దో, సుధర్ జాతా." ఒక గరీబు ఇంటి పిల్లను వెతికి తెస్తారు, మెహర్ రాయిస్తారు. ఆ పిల్ల జిందగీ దవా కింద ఖర్చయిపోతుంది. పిల్లలు కాలేదని తానాలు పడేది కూడా ఆమే. నిఖాకు అమ్మాయి రజామందీ జరూరీ అని ఖుత్బాల్లో వింటాం. అసలు సంగతి దాచి అనిపించిన 'కబూల్ హై' రజామందీ ఎట్లా అవుతుంది? అది దగా. ఈ జుల్మ్ ఆపడానికి ఏ ఫత్వా మారక్కర్లేదు, ఏ పార్లమెంటూ కూర్చోనక్కర్లేదు. నిజం చెబితే ఇంట్లోంచి గెంటరన్న భరోసా ఆ కొడుక్కి ఉంటే చాలు.

రిష్తా ఖాయం చేసే ముందు అబ్బాయి నౌకరీ గురించి, ఖాందాన్ గురించి పది ఇళ్లలో దర్యాఫ్తు చేస్తాం. వాణ్ని పక్కకు పిలిచి, "బేటా, ఈ షాదీ నీకు ఇష్టమేనా?" అని మాత్రం ఎవరూ అడగరు.