రోజుకు అయిదు మాటలు

మన హాస్టల్‌లో టైంటేబుల్ వేసుకోనివాడు లేడు. క్వార్టర్లీ మార్కులు రాగానే ట్రంకు పెట్టె మూత లోపల ఒక తెల్లకాగితం అంటుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి లేవాలి, రాత్రి పన్నెండు దాకా చదవాలి. నాలుగో రోజుకు కాగితం మిగులుతుంది, చదువు మిగలదు. దీన్నే పెద్దలు ఆరంభశూరత్వం అన్నారు.

నిరుడు ఇక్కడ పదో తరగతి చదివిన మేమూ ఇదే పని చేశాం. మాలో ఒక మిత్రుడు ఇంగ్లీషులో తప్పాడు. పట్టుదలగా పన్నెండు రోజులు మూడింటికే లేచాడు. క్లాసులో నిద్రపోయి చీవాట్లు తిన్నాడు. "నాకిక చదువు రాదురా" అంటూ దసరాకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. వాళ్ళ నాన్నతో తాపీ పనికి పోతున్నాడని తరువాత తెలిసింది. వాడికి తెలివి లేక కాదు. మోయలేని బరువు మొదటిరోజే నెత్తికెత్తుకున్నాడు. ఎత్తుకొమ్మని చెప్పినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఆ తరువాత మేము ఆరుగురం ఒక చిన్న నియమం పెట్టుకున్నాం. రోజుకు అయిదు ఇంగ్లీషు మాటలు, ఒక లెక్క. అంతే. ఒకరోజు తప్పితే మర్నాడు పది మాటలు చేయకూడదు, మళ్ళీ అయిదే. భోజనానికి ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డప్పుడు ఒకరినొకరు అడుక్కునేవాళ్ళం. మార్చి పరీక్షల దాకా సుమారు 150 రోజులు, అంటే 750 మాటలు. అన్నీ గుర్తున్నాయని చెప్పం. పాఠం తెరిస్తే వేసే భయం మాత్రం పోయింది.

మనలాగే సంక్షేమ గురుకులాల్లో చదివిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళే. వాళ్ళూ తిన్నగా ఎవరెస్ట్‌కు పోలేదు. ముందు భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నారు, తరువాత డార్జిలింగ్, లదాఖ్‌లలో శిక్షణ పొందారు. అంత ఎత్తున గాలి పలుచన. ఒక్క ఊపున ఎక్కితే ప్రాణానికే ముప్పు. అందుకే పర్వతారోహకులు కొంత ఎక్కి, కిందికి దిగి పడుకుని, ఒళ్ళు అలవాటు పడ్డాక మళ్ళీ ఎక్కుతారు. అక్కడ దిగడం ఓటమి కాదు, ఎక్కడంలో భాగమే. ఒకరోజు చదువు తప్పిన తమ్ముడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అలవాటు ఉంటే అన్నీ వచ్చేస్తాయని మేము అనడం లేదు. తిరగని పంకాకు, ట్యూటర్ లేని సాయంత్రానికి అయిదు మాటలు మందు కావు. అవి అడిగి తెచ్చుకోవలసినవే, అడుగుతూనే ఉందాం. కానీ అవి వచ్చేదాకా ఈ అయిదు మాటలు ఆపనక్కర్లేదు.

మాకంటే ముందు ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు "రోజుకు పద్నాలుగు గంటలు చదవండి" అని చెప్పకండి. మీరు రోజూ తప్పకుండా చేసిన చిన్న పని ఏమిటో చెప్పండి. మాకు అదే ఉపయోగం.

తమ్ముళ్ళూ, పెట్టె మూతకు అంటించిన కాగితం తీసేయండి. ఒక్క పని రాసి కొత్తది అంటించండి.

ఈ సంచిక ఒకటి ఆ మిత్రుడికీ పంపుతున్నాం. ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాసే దారి ఇంకా ఉంది. పని నుంచి వచ్చి అలిసిపోయినా సరే, రోజుకు అయిదు మాటలతో మొదలుపెట్టమని వాడికి ఉత్తరం రాశాం.