వ్యాయామ విద్య – విద్యార్థుల ఆరోగ్యం

వ్యాయామం అనగానే తెలుగువారికి కోడి రామమూర్తినాయుడు స్ఫురిస్తాడు. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, అనంతరం తన బలప్రదర్శనలతో దేశవిదేశాల్లో ప్రఖ్యాతి గడించాడు. అయితే పాఠశాలలో ఆటల పీరియడు ఏర్పడింది ఒక్క రామమూర్తిని తయారుచేయడానికి కాదు. తరగతిలోని విద్యార్థులందరినీ ఆరోగ్యవంతులుగా తీర్చిదిద్దడానికి.

5 నుంచి 17 ఏళ్ల వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 2016 నాటి గణాంకాల ప్రకారం, ప్రపంచంలో 11–17 ఏళ్ల విద్యార్థుల్లో 81 శాతం మందికి ఆపాటి శ్రమ లేదు. బాలికల్లో ఈ లోటు మరింత అధికం. క్రమబద్ధమైన వ్యాయామం గుండెకు, ఊపిరితిత్తులకు పటుత్వాన్నిస్తుంది. మనసులోని ఆందోళనను తగ్గిస్తుంది. ఎముకల దారుఢ్యం చాలావరకు కౌమారంలోనే సమకూరుతుంది. ఆ వయసులో పోగొట్టుకున్నదాన్ని తరువాత సంపాదించుకోవడం కష్టం.

వారానికి 45 నిమిషాల ఆటల పీరియడ్లు రెండు ఉన్నాయనుకుందాం. మొత్తం 90 నిమిషాలు. అవసరమైనవి 420 నిమిషాలు. వరుసల్లో నిలబడడానికీ, హాజరుకూ పోగా మిగిలేది మరీ స్వల్పం. కనుక ఆటల పీరియడు ఒక్కటే ఆరోగ్యాన్ని ప్రసాదిస్తుందనుకోవడం భ్రమ. అలాగని అది నిరర్థకమూ కాదు. సాయంవేళ, సెలవురోజున, చదువు ముగిసిన తరువాత కూడా శరీరాన్ని శ్రమకు అలవరచుకొనే అభిరుచికి అక్కడే బీజం పడాలి.

ఆ బీజం అందరిలో పడుతున్నదా? పరీక్షలు సమీపించగానే మొదట మాయమయ్యేది ఆటల పీరియడే. వ్యాయామానికి కేటాయించిన కాలం వల్ల మార్కులు తగ్గవని పరిశోధనలు తెలుపుతున్నా, దాన్ని గణితానికో, సామాన్యశాస్త్రానికో అప్పగించడం పరిపాటి. మైదానంలో ఆట సాగినా, ఆడేది జట్టులోని పదిమందే. స్థూలకాయులు, బలహీనులు, బాలికలు తరచుగా ప్రేక్షకులుగా మిగిలిపోతారు. ఎవరికి వ్యాయామం ఎక్కువ అవసరమో వారే దానికి దూరమవుతున్నారు.

ఎనిమిదో తరగతి వరకు బోధించే పాఠశాలలకు ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. చట్టం స్థలాన్ని చూపగలదు. వెనుకాడే విద్యార్థిని అక్కడికి చేయిపట్టి తీసుకురావలసింది ఉపాధ్యాయుడే. బీరువాలోని బహుమతులు లెక్కించి వ్యాయామ విద్య సఫలమైందనుకోవడం సరికాదు. ఏ జట్టులోనూ చోటు దొరకని విద్యార్థి, కళాశాలకు వచ్చాక ఎవరూ చెప్పకుండానే రోజూ కాసేపు నడుస్తున్నాడా, ఆడుతున్నాడా అన్నదే దానికి నిజమైన పరీక్ష.