కాపర్-టి ఉండగా కడుపెలా వచ్చింది?

ప్రశ్న: నా వయసు 27. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు కాగానే ఆసుపత్రిలోనే కాపర్-టి వేశారు. ఏడాదిన్నరగా నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు నెల తప్పి పదిహేను రోజులైంది. ఇంట్లో చేసుకున్న పరీక్షలో గర్భమని తేలింది. "అది ఉండగా కడుపెలా వస్తుంది?" అని మావారు అదోలా అడిగారు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. తప్పెక్కడ జరిగింది డాక్టరుగారూ?
– ఒక సోదరి

జవాబు: ముందు కళ్లు తుడుచుకోండమ్మా. తప్పు మీది కాదు. కాపర్-టి చాలా నమ్మకమైనదే అయినా, మొదటి ఏడాదిలో వందమందికి ఒకరికంటే కాస్త తక్కువగా గర్భం వస్తూనే ఉంటుంది.

కారణాలు ఇవి. ఒకటి, అది మీకు తెలియకుండానే జారి పడిపోయి ఉండొచ్చు. కాన్పు కాగానే వేసినప్పుడు ఇలా జరగడం ఎక్కువ. నెలసరి రక్తంతోపాటు పోతే చాలామంది గమనించరు. రెండు, పైభాగంలో ఉండాల్సింది కిందికి జారి ఉండొచ్చు. మూడు, అరుదుగా గర్భసంచి గోడను దాటి కడుపులోకి వెళ్లొచ్చు. నాలుగు, దాని కాలపరిమితి దాటిపోవచ్చు. 380-ఎ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తాయి. మీ విషయంలో ఇది కారణం కాదు. ఇవేవీ లేకుండా, సరైన చోటే ఉన్నా ఒక్కోసారి గర్భం వస్తుంది.

ఏది జరిగిందో ఊహించి చెప్పలేం. ఆలస్యం చేయక రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. దారాలు కనిపిస్తున్నాయేమో చూసి స్కానింగ్ చేయిస్తారు. గర్భం సంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అన్నది తేలడం అన్నిటికన్నా ముఖ్యం. కాపర్-టి ఉండగా వచ్చిన గర్భం ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి, రక్తస్రావం ఉంటే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి. మందుల షాపులో బిళ్లలు కొని మింగొద్దు.

బిడ్డ కావాలనుకుంటే, దారాలు కనిపిస్తున్నప్పుడే కాపర్-టి తీయించుకోవడం మంచిది. తీసేటప్పుడు గర్భస్రావం కావచ్చు గానీ, లోపలే ఉంచితే ఆ ప్రమాదంతోపాటు ఇన్‌ఫెక్షన్, నెలలు నిండకుండా కాన్పు కావడం వంటి భయాలు ఇంకా ఎక్కువ. రాగివల్ల బిడ్డకు అవకరాలు వస్తాయన్న దిగులు అక్కర్లేదు. వద్దనుకుంటే, గర్భనిరోధక సాధనం విఫలం కావడాన్ని 1971 నాటి చట్టమే ఒక కారణంగా ఒప్పుకుంది. మేజరైన స్త్రీకి భర్త సంతకం చట్టరీత్యా అవసరం లేదు.

ఈ పేజీని మీవారిచేత కూడా చదివించండి. అనుమానం మీమీద కాదు, ఆ చిన్న రాగితీగమీద పడాలి.