జబా చేస్తే జబ్బు పోదు



2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప చనిపోయింది. కారణం హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ అని పుణే వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది. చికెన్ కోస్తుంటే పాప అడిగిందని ఓ పచ్చి ముక్క ఇచ్చామని తల్లిదండ్రులు చెప్పినట్టు పత్రికలు రాశాయి. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. బావర్చీఖానాలో అమ్మీ పక్కన చేరి ముక్క అడగని పిల్లలు ఎవరింట్లో ఉన్నారు?

ఆ మాసూమ్ మౌత్ తర్వాత కొన్నాళ్లు చికెన్ మానేశాం, మళ్లీ మర్చిపోయాం. మార్చుకోవాల్సిన ఆదత్ మాత్రం అలాగే ఉంది.

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలా ఇళ్ల పెరట్లో నాలుగైదు ముర్గీలుంటాయి. ఆడవాళ్లు మిరప కోతలకు వెళ్తూ గంప ఎత్తి వదిలేస్తారు. గుడ్లమ్మిన పైసలే వాళ్ల చేతి ఖర్చు. అందుకే ఓ కోడి తల వాల్చి తూగుతుంటే ఇంట్లో వచ్చే మొదటి మాట: "చస్తే ముర్దార్ అయిపోతుంది, జల్దీ జబా చేసెయ్యండి!"

ఇదే గలత్. బిస్మిల్లా చెప్పి కోస్తే వైరస్ పోదు. ఖురాన్ హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా చూసుకోమంటుంది. బీమార్ కోడి తయ్యిబ్ ఎలా అవుతుంది? 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది కాబట్టి బాగా ఉడికిన సాలన్‌తో ఫికర్ లేదు. ఖత్రా అంతా కోసే దగ్గర, ఈకలు పీకి పేగులు తీసే దగ్గర. ఆ పని చేసేది ఆడవాళ్లు, పక్కన ఆడుకునేది పిల్లలు.

ఆ పేగులు తినేది ఇంటి బిల్లీ. 2025 మొదట్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకే ఈ వైరస్ దొరికింది. పిల్లులంటే మనకు మొహబ్బత్ కదా, పచ్చి మాంసం వేయకండి.

2024 ఫిబ్రవరిలో మన పక్క నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో, మరుసటి ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఈ రోగం వచ్చింది. అంటే సరిగ్గా మన మిరప కోతల రోజులు. అప్పుడు కోళ్లను కొంగలు, బాతులు వాలే చెరువుల వైపు పోనివ్వకండి. కొత్తగా తెచ్చిన కోడిని రెండు వారాలు విడిగా ఉంచండి. వరుసగా చస్తుంటే ఉత్త చేతులతో తాకకండి, కాలవలో పారేయకండి. పశువుల ఆసుపత్రికి ఖబర్ ఇవ్వండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు కోళ్ల సంగతి కూడా చెప్పండి.

"చెబితే అన్నీ చంపేస్తారు" అని దాచేవాళ్లున్నారు. సర్కారు చంపించిన కోళ్లకు ముఆవజా ఉంటుంది, ముందే చచ్చినవాటికి ఉండదు. దాచితే నుక్సాన్ మనకే. పెద్ద ఫారాలకే కాదు, నాలుగు కోళ్ల ఖాలాకూ ఆ పైసలు అందేలా మన పెద్దలు అడగాలి.

ఇమాం సాబ్‌లకు నా గుజారిష్: వచ్చే చలికాలం ఒక జుమా రోజు నమాజ్ తర్వాత రెండు నిమిషాలు ఈ ఎలాన్ చేయండి. విన్న మగవాళ్లు ఇంటికెళ్లి చెప్పండి. కోళ్లు చూసేది ఇంట్లో ఉన్నవాళ్లు కదా!