పారవేయవలసినది ఫ్లాపీ కాదు

అలమారలలో పడియున్న పాత ఫ్లాపీల ప్రస్తావన వచ్చినప్పుడెల్లా వినవచ్చే తీర్పు ఒక్కటే: "చెడిపోయినవి, యంత్రం చదవటం లేదు, పారవేయండి." ఈ తీర్పు విచారణ లేకుండా ఇచ్చిన శిక్ష అని మా అభిప్రాయం. ఉర్దూ పుటను ఎడమవైపు నుంచి చదవబోయి, అర్థం లేని రాత అని పుస్తకాన్ని మూసివేసేవారిని మనం ఏమంటాము?

ఉదాహరణకు బీబీసీ మైక్రోను తీసుకొందాము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ సంస్థ 1981 డిసెంబరులో దీనిని విడుదల చేసినది. భారత ప్రభుత్వం 1984లో ఆరంభించిన 'క్లాస్' కంప్యూటర్ అక్షరాస్యతా పథకం కింద మన దేశపు పాఠశాలలకు వచ్చినదీ ఈ యంత్రమే. కనుక దీని ఫ్లాపీల సంగతి మనకు పరాయిది కాదు.

ఈ ఫ్లాపీలలో అక్షరాలను నమోదు చేసిన పద్ధతి ఏక సాంద్రతది. తరువాతి కాలపు పీసీలలోని కంట్రోలర్లు అనేకం ఆ పద్ధతిని గుర్తించనే గుర్తించవు. అట్టి పీసీలో పెట్టి చూచి, "ఖాళీ ఫ్లాపీ" అని నిర్ణయించి, దానిని కొత్తగా ఫార్మాట్ చేసినవారు లోపలనున్న రాతను తమ చేతులతోనే తుడిచివేసినవారవుతారు.

సరైన యంత్రంలో పెట్టినను చిక్కులున్నవి. కొన్ని డ్రైవులు ఫ్లాపీపై 40 వలయాలను, మరికొన్ని 80 వలయాలను గుర్తిస్తాయి. ఒక్కొక్క వలయంలో 10 భాగాలు, భాగానికి 256 బైట్లు. అనగా 40 వలయాల ఫ్లాపీకి ఒక వైపున 100 కిలోబైట్లు, 80 వలయాల దానికి 200. పట్టిక మాత్రం రెండింటిలోనూ మొట్టమొదటి వలయంలోనే ఉంటుంది. అందుచేత 40 వలయాల ఫ్లాపీని 80 వలయాల డ్రైవులో పెడితే పేర్ల పట్టిక చక్కగా తెరపైకి వస్తుంది. తీరా ప్రోగ్రామును పిలిస్తే 'డిస్క్ ఫాల్ట్ 18' అని యంత్రం మొరాయిస్తుంది. ఆ సంఖ్యకు అర్థం కోరిన భాగం దొరకలేదని మాత్రమే. డ్రైవు వెనుకనున్న 40/80 స్విచ్చిని మార్చి చూడకముందే ఫ్లాపీని నిందించటం న్యాయం కాదు. అయితే ఆ 80 వలయాల డ్రైవుతో పాత 40 వలయాల ఫ్లాపీపై రాయటం మాత్రం కూడదు. దాని సన్నని హెడ్డు వెనుకటి వెడల్పాటి రాతను పూర్తిగా చెరపలేదు. కొత్తదీ పాతదీ కలిసి, 40 వలయాల డ్రైవు దేనినీ స్పష్టంగా చదవలేకపోతుంది.

అన్నింటికన్న పెద్ద చిక్కు కంట్రోలర్ చిప్పుది. మొదటి యంత్రాలలో ఇంటెల్ 8271 ఉండేది. 1985 నాటి బీ ప్లస్‌లోనూ, 1986 నాటి మాస్టర్‌లోనూ దాని స్థానంలో 1770 వచ్చినది. ఆపరేటింగ్ సిస్టం ద్వారానే డ్రైవును కోరిన ప్రోగ్రాములకు ఈ మార్పుతో పేచీ లేదు. కాని నకళ్ళను అరికట్టదలచిన కొందరు వ్యాపారులు ఆ నియమాన్ని మీరి, నేరుగా 8271 చిప్పుతోనే మాట్లాడే తాళాలు వేసినారు. చిప్పు మారగానే తాళం బిగుసుకొన్నది. డబ్బిచ్చి కొన్న పెద్దమనిషి వీధిలో నిలువవలసి వచ్చినది. దొంగనకలు చేసినవాడో, తాళాన్ని ఎన్నడో ఊడదీసుకొని సుఖంగా లోపల కూర్చున్నాడు! ఈ పద్ధతిని మేము ఎంతమాత్రం సమర్థించలేము. నేడు కొందరు డ్రైవును తీసివేసి గోటెక్ అనే బదులు పరికరాన్ని అమర్చి, అన్నీ చక్కబడగలవని ఆశిస్తున్నారు. అది డ్రైవుకు బదులే గాని కంట్రోలర్‌కు బదులు కాదు గనుక ఈ రోగం యథాతథంగా నిలిచియుంటుంది.

క్యాసెట్టు నుంచి ఫ్లాపీకి ఎక్కించిన ఆటలు ఆగిపోవుటకు కారణం వేరు. మోడల్ బీ యంత్రంలో ఏకార్న్ వారి డిస్కు వ్యవస్థ ప్రోగ్రాములకు చెందవలసిన జాగాలో 2,816 బైట్లను తన పనికి తీసుకొంటుంది. ప్రోగ్రాము లోపలికి వచ్చిన తరువాత దానిని కిందికి జరిపి నడిపించే చిన్న దళాన్ని జోడిస్తే చాలు.

ఇందుచేత కళాశాల కమిటీ వారికి మా విన్నపం. పాత ఫ్లాపీలను వేలానికో చెత్తకో పంపకముందు వాటి గాడిపై కాగితపు పట్టీ అంటించి రాతకు వీలులేకుండా చేయించండి. బూజు పట్టినవాటిని శుభ్రపరచకుండా డ్రైవులో పెట్టనీయకండి. ఆ బూజు హెడ్డుకు అంటి తరువాతి ఫ్లాపీని కూడా గీకివేయగలదు. కేవలం ఫైళ్ళను నకలు తీయించక, గ్రీజ్‌వీజిల్ వంటి పరికరంతో అయస్కాంతపు గుర్తులను ఉన్నవి ఉన్నట్లుగా తీయించండి. తాళాలతో సహా భద్రపడతాయి. విద్యార్థులు ఒక్కొక్క ఫ్లాపీతోపాటు అది ఏ డ్రైవులో, ఏ చిప్పుతో చదువబడినదో ఒక చీటీపై రాసి ఉంచవలెను. ఆ చీటీ లేని ఫ్లాపీని రేపు తెరువబోయేవారు ఈ తంటా అంతా మొదటినుంచి పడవలసి ఉంటుంది.