జొహ్రా సెహగల్ అంటే సినిమా బామ్మేనా?

సంపాదకుల వారికి,

గత సంచికలోని వ్యాసం జొహ్రా సెహగల్‌ను హిందీ సినిమాల బామ్మగానే చూపింది. ఆమె జీవితంలో అది చివరి అంకం మాత్రమే. 1935లో ఉదయ్ శంకర్ నృత్య బృందంలో చేరారు. ఆ తర్వాత పృథ్వీ థియేటర్స్‌తో 14 ఏళ్లు ఊరూరా నాటకాలాడారు. యాభై ఏళ్ల వయసులో లండన్ వెళ్లి, 1984లో ‘ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్’ టీవీ ధారావాహికలో లేడీ చటర్జీగా మెప్పించారు. 1993లో లాహోర్‌లో ‘ఏక్ థీ నానీ’ నాటకం వేశారు. అందులో ఆమెతో కలిసి నటించింది పాకిస్తాన్‌లో స్థిరపడిన సొంత చెల్లెలు ఉజ్రా బట్. సరిహద్దుకు చెరోవైపు మిగిలిన అక్కాచెల్లెళ్లు తమ కథనే ఒకే వేదికపై ఆడారు! దాని గురించి ఒక్క ముక్కా రాయకపోవడం అన్యాయం. రంగస్థలాన్ని సినిమాకు తొలిమెట్టుగా చూడటం ఇకనైనా మానండి.

– ఒక నాటకాభిమాని, తెనాలి